కాలిబాట

హైదరాబాదులోని గౌలిగూడకు ఆ పేరు గౌలీల వలన వచ్చినదందురు. పాడిపశువులను మేపి, పాలమ్మి జీవించువారు గౌలీలు. మంద దినదినమును ఒకే తోవను పోయి వచ్చినచో బీడునందు సన్నని బాట యేర్పడును. దానిని ఎవరును వేయరు, గిట్టలే వేయును.

ఆ నగరమునకు పడమట ఖాజాగూడ మున్నగు చోట్ల రాతిగుట్టలు కలవు. ఆ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఎండకును వానకును అంచులరిగి, ఎవరో ఒకదానిపై నొకటి పేర్చినట్లు అవి నిలిచియున్నవి. ఇండ్లకొరకు, రోడ్లకొరకు వానిని పగులగొట్టుచుండగా చూడలేక కొందరు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘమును స్థాపించిరి. వారు చేసిన పనులలో నొకటి జనులను బండల నడుమ నడిపించుట. కంటితో చూడని దానిని ఎవరు కాపాడుదురు?

అయినను నడకలోనే ఒక చిక్కు కలదు. ఒకడు ముల్లు తప్పించుకొనుటకు ప్రక్కకు అడుగువేయును. వెనుకవాడు ఆ అడుగునే అనుసరించును. ఏడాది తిరుగకమునుపే ఒక బాట పది బాటలగును, నేల బోసిపోవును.

ఈ చిక్కునకు ఉపాయమును అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున చూడవచ్చును. స్కాట్స్‌డేల్ నగరమునకు చేరి మక్‌డవల్ సొనోరన్ అను ఎడారి సంరక్షణప్రదేశము 30,000 ఎకరములకు పైగా వ్యాపించియున్నది. స్తంభములవలె నిలిచిన సగువారో జెముళ్ళు అచ్చటి చెట్లు. అచ్చట బాటలు వేయుటయందును, బాగుచేయుటయందును జీతము లేని స్వచ్ఛందసేవకులు పాల్గొందురు. ఎడారినేలపై పలుచోట్ల సూక్ష్మజీవులును నాచును అల్లుకొని పలుచని పొర కట్టి, మట్టి ఎగిరిపోకుండ పట్టియుంచును. ఒక్క త్రొక్కుడుకు చితుకు ఆ పొర మరల కట్టుటకు ఏండ్లు, ఒక్కొక్కచో దశాబ్దములు పట్టును. కావున అందరి పాదములను ఒక్క సన్నని దారిపై నడిపించి, తక్కిన నేలను దాని మానాన విడిచిపెట్టుటకే బాట.

ఈ పనిలో ముఖ్యశత్రువు నీరు. ఎడారిలో నీరెక్కడిదని అడుగవచ్చును. అచ్చట వాన అరుదు, కురిసిననాడు కుండపోత. గుట్టమీదినుండి నిటారుగా దింపిన బాట ఆనాడే కాలువయగును. అందుచే వాలునకు అడ్డముగా, కొద్దికొద్దిగా ఎక్కుచు, మలుపులు త్రిప్పుచు బాటను తీసికొనిపోవుదురు. (మందలును గుట్టను ఇట్లే ఎక్కును, పశువులకు ఈ విద్య ఎవరు నేర్పిరి!) బయటి అంచును లోపలి అంచుకంటె కొంచెము పల్లముగా చెక్కుదురు. అప్పుడు నీరు బాటవెంట పరుగెత్తక ప్రక్కకు జారిపోవును. మెట్టుగా వేయు రాతిని సగమునకు పైగా పాతుదురు. లేనిచో అది కాలిక్రింద కదలును.

క్రొత్త బాట వేయుటకంటె పాత అడ్డదారిని మూయుట కష్టము. ఎంత మంచి బాటయున్నను దగ్గరిదారి వెదకువాడు ఉండనే ఉండును. అందుచే గట్టిపడిన మట్టిని గుల్లచేసి, ఎండుకొమ్మలను రాళ్ళను దారికడ్డముగా పరచుదురు. వాని చాటున గాలికి కొట్టుకొనివచ్చిన విత్తనములు నిలుచును. నీడన కొంత తేమ మిగులును. కొంతకాలమునకు మొలకలు తలయెత్తును.