చేనే బడి, పురుగే పాఠం

పొలంబడిలో చేరిన రైతుకు మొదటి రోజే పరీక్ష. కాగితం, కలం అక్కర్లేదు. చేలో అక్కడక్కడా కర్రలు పాతి, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న, దాని కింద మూడు జవాబుల పెట్టెలు తగిలిస్తారు. ప్రశ్న దగ్గర మొదలైన దారం పక్కనున్న మొక్క దాకా వెళ్తుంది. దారం కొసన ఉన్న ఆకునో పురుగునో చూసి, తనకు తోచిన పెట్టెలో చీటీ వేయాలి. చదువు రానివాళ్లకు ప్రశ్న చదివి వినిపిస్తారు.

ఏళ్ల తరబడి పత్తి వేస్తున్నవాళ్లను కూడా తికమక పెట్టే పురుగు ఒకటుంది. పేనుబంక పట్టిన ఆకు మీద నల్లగా, నారింజ మచ్చలతో, ఒళ్లంతా ముళ్లుముళ్లుగా చురుగ్గా తిరుగుతుంటుంది. చూడగానే మందు కొట్టాలనిపించే వాలకం. నిజానికి అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా గుండ్రంగా ఉండే పెద్ద పురుగును అందరూ ఎరుగుదురు, పిల్లను మాత్రం పోల్చుకోలేరు. పేనుబంకను పొద్దస్తమానం తినేది ఆ పిల్లే. దాన్ని చంపడానికి రైతు అప్పు చేసి మరీ మందు కొంటున్నాడు.

ప్రకృతిలో బతకడం పెద్దవాళ్లకు నేర్పే బడులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు కుర్ర నావికులు సముద్రంలో ప్రాణాలు నిలుపుకోవాలని 1941లో వేల్స్ తీరాన 'ఔట్‌వర్డ్ బౌండ్' పుట్టింది. నిప్పు రాజేయడం, నీటి జాడ పట్టడం, అడుగుజాడ చదవడం నేర్పే శిబిరాలకు ఇప్పుడు నగరవాసులు ఫీజులు కట్టి వెళ్తున్నారు. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి చుట్టూ ఉన్న నల్లరేగడిలో అలాంటి అడవి లేదు. కనుచూపు మేరా పత్తి, మిరప. ఇక్కడ బతుకు నిలబడేదీ కూలేదీ ఆకు మీద. ఆ ఆకును చదవడం నేర్పేవాళ్లే ఇక్కడి గురువులు.

ఈ చదువు అవసరం ఎంతటిదో 1980లలోనే తెలిసొచ్చింది. పత్తి తెల్ల బంగారమై గుంటూరు, ప్రకాశం పల్లెలను ఊపేసిన రోజులవి. అప్పుడే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో పురుగు రాలింది. దాంతోపాటు సాలీళ్లు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కూడా రాలాయి. ఆపేవాళ్లు లేకపోయేసరికి తెల్లదోమ విరుచుకుపడింది. శనగపచ్చ పురుగు మందుకు అలవాటు పడిపోయింది. రైతు మందు మీద మందు కలిపి కొట్టాడు. 1987–88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తలయ్యాయి.

అదే దశాబ్దంలో ఇండోనేషియా వరి చేలల్లోనూ ఇదే కథ నడిచింది. అక్కడ పురుగు పేరు సుడిదోమ. మందులు పెరిగినకొద్దీ అదీ పెరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. నిషేధించి ఊరుకుంటే చాలదు, రైతుకు చేను చూడటం రావాలి. అందుకని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థలోని కీటక శాస్త్రవేత్త పీటర్ కెన్మోర్, ఆయన సహచరులు 1989లో రైతుల కోసం చేలోనే బడి పెట్టారు. ఆ పద్ధతి వరి నుంచి పత్తికి పాకింది. 1999–2004 మధ్య ఐరోపా సంఘం డబ్బుతో భారత్ సహా ఆరు ఆసియా దేశాల్లో పత్తి పొలంబడులు నడిచాయి. మన దగ్గర వ్యవసాయ శాఖ దీన్ని పొలంబడి పేరుతోనే ఊరూరా తిప్పింది.

బడి నడిచే తీరు సాదాగా ఉంటుంది. పాతిక, ముప్పై మంది రైతులు వారానికోసారి పొద్దున్నే ఒక చేలో కలుస్తారు. నాలుగైదుగురు చొప్పున జట్లు కట్టి చేలోకి దిగుతారు. చేనంతా తిరిగి అక్కడో మొక్క, ఇక్కడో మొక్క ఎంచుకుని కింది ఆకు నుంచి కొస చిగురు దాకా చూస్తారు. తినే పురుగులెన్ని, వాటిని తినేవెన్ని, పూత ఎంత, కాయ ఎంత, నేలలో తడి ఉందా అన్నీ లెక్క రాస్తారు. తర్వాత చెట్టు నీడన కూర్చుని పెద్ద కాగితం మీద రంగు పెన్సిళ్లతో మొక్క బొమ్మ గీస్తారు. ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు, పైన ఎండో మబ్బో. చివర్లో ఈ వారం ఏం చేయాలో జట్టు తేల్చి చెప్పాలి, మిగతా జట్లు అడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి. విత్తు నుంచి చివరి తీత దాకా ఇదే వరస.

గురువు పనితనం జవాబు చెప్పకపోవడంలో ఉంది.

"మేడమ్, ఇదేం పురుగు?" అని రైతు అరచేయి చాపుతాడు. "ఎక్కడ దొరికింది బాబాయ్? ఆకు పైనా, కిందా? అప్పుడేం చేస్తోంది?" అని ఆమె తిరిగి అడుగుతుంది. పేరు చెప్పేస్తే రైతు చూడటం మానేస్తాడని ఈ పద్ధతిలో శిక్షణ పొందేవాళ్లకు మొదటే చెబుతారు. సందేహం తీరకపోతే పురుగును ఓ డబ్బాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, లోపల పేనుబంక పట్టిన రెమ్మ పెడతారు. దీన్ని కీటకాల జూ అంటారు. రెండు రోజులు పోయాక మూత తీస్తే ఎవరు ఎవర్ని తిన్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. లేత పైరులో ఆకులు కొన్ని కావాలనే తుంచి, దిగుబడి తగ్గిందో లేదో పంట చివర చూసే ప్రయోగమూ ఉంటుంది. చిన్నప్పుడు పోయిన కాస్త ఆకును మొక్క తిరిగి తెచ్చుకుంటుందని కళ్లారా చూసినవాడికి, ఆకుకు చిల్లు పడగానే మందు కొట్టుకు పరుగెత్తాలనిపించదు.

మిరపలో మొదటి పాఠం ముడత. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి పని. నల్లి పురుగు జాతి కాదు, సాలీడు బంధువు. తామర పురుగు మందులు చాలావరకు దాని మీద పనిచేయవు. ఈ తేడా తెలియక రెండింటికీ ఒకటే మందు కొట్టి డబ్బు నేలపాలు చేసుకున్నవాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు.

పత్తిలో పాఠం పువ్వు దగ్గర మొదలవుతుంది. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న గుడ్డిపూలు కనిపిస్తే లోపల గులాబీ రంగు పురుగు ఉన్నట్టే. కాయలో దూరాక ఏ మందూ దాన్ని చేరదు కాబట్టి ఆ పూలను ఏరి నాశనం చేయాలి. బీటీ పత్తి 2002లో అనుమతి పొందినప్పుడు ఇక కాయతొలిచే పురుగుల బెడద తీరిందనుకున్నారు. రెండో తరం బీటీ కూడా వచ్చాక గులాబీ రంగు పురుగు దానికీ తట్టుకోవడం నేర్చుకుంది. రైతు మళ్లీ పువ్వు విప్పి చూడక తప్పలేదు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితేనే చర్య తీసుకోవాలన్నది లెక్క. ఒక్క పురుగు కనిపించిందని కంగారు పడకుండా ఉండేందుకే ఆ లెక్క.

పొగాకు లద్దె పురుగును పసిగట్టడానికి చేను చుట్టూ ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి వేస్తారు. గుడ్లు ముందు వాటి మీద కనిపిస్తాయి. సన్న దారాల కొసన వేలాడే తెల్లటి గుడ్లయితే అవి అల్లిక రెక్కల పురుగువి, జోలికి పోకూడదు. అర మిల్లీమీటరు పొడవుండే ట్రైకోగ్రామా కందిరీగ శనగపచ్చ పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు నల్లబడుతుంది. నల్లబడిన గుడ్డును చూసి సంతోషించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. చేలో కర్రలు పాతితే పసుల పోలిగాడు, గోరింక వచ్చి వాలతాయి. మిగతా పని అవి చూసుకుంటాయి.

2021–22లో ఈ నేర్పుకు గట్టి పరీక్ష ఎదురైంది. 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనిపించిన నల్ల తామర పురుగు, 2021–22లో మిరప తోటల మీద పడింది. పాత తామర పురుగు ఆకులను పట్టేది, ఇది గుంపులుగా పూలలో దూరింది. పూత రాలింది, కాయ నిలవలేదు. తైవాన్ స్ప్రేయర్లు రోజు విడిచి రోజు మోగాయి. కొందరు చివరికి తోటనే దున్నేశారు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని, విచ్చలవిడిగా మందులు కలిపి కొట్టొద్దని గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెప్పారు.

గురువుల సంగతికొస్తే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ చేను చదివే పద్ధతిలో వ్యవసాయాధికారులకు శిక్షణ ఇస్తుంది. కానీ అధికారికి బదిలీలుంటాయి, మండలమంతా తిరగాల్సి ఉంటుంది. బడి నిలవాలంటే గురువు ఊళ్లోవాడే కావాలి. పత్తి, మిర్చి పండించే అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2000ల తొలి ఏళ్లలో పురుగు మందులు మానేసినప్పుడు ఇది రుజువైంది. అక్కడి రైతులు, మహిళా సంఘాలే ఇరుగుపొరుగు ఊళ్లకు పంతుళ్లయ్యారు. ఆ అనుభవాన్ని డ్వాక్రా సంఘాల ద్వారా అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించారు. 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పేరుతో గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ దాన్ని నడుపుతోంది. ముందు తన చేలో చేసి చూపించిన రైతే మిగతావాళ్లకు నేర్పాలన్నది దీని నియమం. నేర్పేవాళ్లలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి, పది లక్షల యూరోల మొత్తం, ఈ కార్యక్రమానికీ, మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌కూ, ఈజిప్టు సంస్థ సెకెమ్‌కూ కలిపి దక్కింది. జ్యూరీ అధ్యక్షురాలు జర్మనీ మాజీ ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్.

అవార్డులు, శిక్షణ పత్రాలు లేని గురువులూ ఇదే నేల మీద ఉన్నారు. డెల్టా వరి చేలల్లో ఎలుకలు పట్టే యానాదులు గట్టు మీద మట్టి తాజాదనం చూసి ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది ఖాళీయో చెబుతారు. కుండలో గడ్డి రాజేసి పొగ ఊది బయటికి రప్పిస్తారు. విషపు ఎర లేకుండా పని అయిపోతుంది. పడమటి అంచున, యర్రగొండపాలెం, దోర్నాల దాటాక నల్లమల మొదలవుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోని రక్షణ శిబిరాల్లో చెంచులు వాచర్లుగా పనిచేస్తున్నారు. పులి అడుగు ఎంత పాతదో, ఏ వాగు ఎప్పటిదాకా పారుతుందో, ఏ చెట్టు మీద తేనె పట్టు ఉందో వాళ్లకు తెలుసు. అడవికి కొత్తగా వచ్చిన ఉద్యోగి ఆ సంగతులు నేర్చుకునేది వాళ్ల వెనక నడిచే. అయినా యానాదికి కూలి ఎలుకల లెక్కన, చెంచుకు జీతం వాచర్ లెక్కన. గురువు లెక్కన ఇద్దరికీ ఏమీ లేదు.

వేరే చోట్ల ఇదే విద్యకు విలువ కట్టారు. 2017లో ఫ్లోరిడా తడినేలల్లో కొండచిలువల బెడద పెరిగితే తమిళనాడులో పాములు పట్టే ఇరుళర్ తెగకు చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను పిలిపించారు. రెండు వారాలు తిరగకుండానే వాళ్ల జట్టు 13 కొండచిలువలను పట్టింది, ఆ నేర్పును అక్కడివాళ్లకూ చూపించింది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. దక్షిణాఫ్రికాలో లూయిస్ లీబెన్‌బర్గ్ మొదలుపెట్టిన సైబర్‌ట్రాకర్ పద్ధతిలో, చదవడం రాయడం రాని అడుగుజాడల నిపుణులకు కూడా అడవిలోనే పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇస్తారు. ఆ పత్రంతో ఉద్యోగం, జీతం పెరుగుతాయి. చెంచులకూ యానాదులకూ అలాంటి ఏర్పాటు చేయడానికి అటవీ, వ్యవసాయ శాఖలకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

పొలంబడికి లోపాలు లేకపోలేదు. వారానికో పూట వదులుకోవడం కౌలు రైతుకు కష్టం. పైగా విత్తనం, ఎరువు, మందు అప్పు మీద ఇచ్చే కొట్టాయనే ఏం కొట్టాలో కూడా చెబుతాడు. అప్పున్న చోట ఆయన మాట కాదనడం అంత తేలిక కాదు. ఒక సీజన్ బడి నడిపి లెక్కకు చూపించి, మరుసటి ఏడాది ఆ ఊరిని మరిచిపోతే నేర్చుకున్నదీ చల్లారిపోతుంది.

అందుకే అడగాల్సింది రైతులే. వచ్చే ఖరీఫ్‌కు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో పొలంబడి పెట్టమని అడగండి, కౌలుదార్ల పేర్లు కూడా రాయించండి, ఆడవాళ్లను తీసుకెళ్లండి. ఈలోగా ట్యాంకు భుజానికెత్తుకునే ముందు ఓ ఇరవై మొక్కల ఆకులు తిప్పి కింద ఏముందో చూడండి.