మిగతా వెండితెరపై చూడండి

కథ మాంచి పట్టులో ఉండగా ఆగిపోతుంది. రాకుమారి మాంత్రికుడి చెరలో చిక్కింది. ఆమెను వెతుక్కుంటూ నాయకుడు అడవులు పట్టాడు. ఇంటి దగ్గర తల్లి అన్నం మానేసింది. రాకుమారి చెర వీడిందా? తల్లీ కొడుకులు ఒకటయ్యారా? అంతే, రెండు ప్రశ్నలు. ఆ కింద ఒక్క వాక్యం: మిగతా వెండితెరపై చూడండి. పేజీ తిప్పితే పాటలు. పాత సినిమా పాటల పుస్తకం తీరు అది.

ఈ ఆదివారం సంచికకు సంపాదకుడు అడిగింది వేరు. సినిమా, చిత్రకళ, అచ్చు, అంగడి, ఎక్కడ ఏ విడ్డూరం కనిపించినా ఏరి ఒకచోట పేర్చమన్నారు. గడువు వారం. చేత్తో గీసిన పోస్టర్లు, వెండితెర నవలలు, సినిమా వరుసల భజన పుస్తకాలు జాబితాలోకి ఎక్కాయి. వాటి మధ్య పాటల పుస్తకానికి ఒక పేరా చాలనుకున్నారు. తీరా పాత కట్ట ఒకటి విప్పి చూస్తే, మిగిలినవన్నీ పక్కకు జరగక తప్పలేదు. తెలుగు సినిమా గురించి తెలుగు సినిమా కూడా చెప్పని సంగతులు అందులో ఉన్నాయి మరి.

పుస్తకం అనడమే గాని, నాలుగైదు కాగితాలు మడిచి మధ్యలో పిన్ను కొట్టిన సరుకు అది. లేత గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పల్చటి కాగితం. ఒకే సిరా. మొదట సంస్థ పేరు, సినిమా పేరు. తర్వాత పాత్రలు, పాత్రధారులు. ఆపైన సాంకేతిక వర్గం: ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం, కళ, కూర్పు, నృత్యం. తర్వాత కథా సంగ్రహం. మిగిలిన పేజీల నిండా పాటలు, పౌరాణికమైతే పద్యాలు. ధర మొదట్లో అణాల్లో, ఆ తర్వాత పైసల్లో. హాలు గేటు దగ్గర, బస్టాండులో, తిరునాళ్లలో నేలమీద పరిచిన పట్టా మీద అమ్మేవారు.

ఇందులో రెండు జాతులు. నిర్మాత దగ్గరుండి వేయించినది ఒకటి. దానికి మంచి కాగితం, రంగుల అట్ట, లోపల స్టిల్స్ ఉంటాయి. తొలినాళ్ల వాటిలో కొన్నింట కథ తెలుగుతో పాటు ఇంగ్లిషు, తమిళాల్లోనూ కనిపిస్తుంది. తెలుగు రాని ఊళ్లలోనూ సినిమా ఆడాలి గదా! రెండోది ఎవరి అనుమతీ లేకుండా ఏదో ఊళ్లో, ఏదో ప్రెస్సులో అచ్చయ్యేది. పాటలు వినికిడి మీద రాసుకున్నవని చదవగానే తెలిసిపోతుంది. సంస్కృత సమాసం దగ్గరకు వచ్చేసరికి విన్నవాడి చెవి తడబడింది, కూర్చినవాడి చెయ్యి ఇంకాస్త తడబడింది. అయినా ఈ రెండో రకాన్ని తీసి పారేయకూడదు. సినిమా జనం చెవుల్లో ఎలా పడిందో చెప్పగలిగేది అదొక్కటే.

పాటను అచ్చులో కూర్చడానికి ఈ పుస్తకాలు తమకంటూ ఒక పద్ధతి ఏర్పరచుకున్నాయి. ముందు సాకీ ఉంటే సాకీ. తర్వాత పల్లవి. యుగళగీతమైతే పంక్తికి ముందు ‘అతడు’, ‘ఆమె’. పదిమంది కలిస్తే ‘బృందం’. చరణం చివర పల్లవిలోని తొలి మాటను రెండేసి నిలువు గీతల మధ్య పెడితే, మళ్లీ మొదటికి వెళ్లమని అర్థం. సంగీతం చదవడం రానివాళ్లు కూడా ఈ గుర్తుల సాయంతో పాటంతా తప్పు పోకుండా పాడేసుకున్నారు. రేడియోలో వివిధభారతి ‘జనరంజని’ వస్తున్నప్పుడు పక్కన ఈ కట్ట పెట్టుకుని గొంతు కలిపిన ఇళ్లు తెలుగునాట తక్కువేం కాదు.

ఒక్కో దశాబ్దం పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే పరిశ్రమ మారిన తీరు కళ్లకు కడుతుంది. 1930లలో పాట నెత్తిన పాత్ర పేరే ఉంటుంది, గాయకుడి పేరు ఉండదు. నటులే పాడుకునేవారు కాబట్టి ఆ అవసరమే లేదు. ‘తహసీల్దార్’ (1944)లో పాడిన ఎం.ఎస్.రామారావును తెలుగులో తొలి నేపథ్య గాయకుడిగా చెబుతారు. సుందరకాండ గానం చేసి సుందరదాసుగా జనం గుండెల్లో నిలిచింది ఆయనే. ఆ తర్వాతి పుస్తకాల్లో నేపథ్య గాయనీ గాయకుల జాబితా వచ్చి చేరింది. ఇంకొన్నాళ్లకు ఘంటసాల, పి.లీల, పి.సుశీల పేర్లు పుస్తకాన్ని అమ్మిపెట్టే స్థాయికి వచ్చాయి. ఎన్.టి.రామారావు నటించిన ‘లవకుశ’ (1963) పుస్తకం కొన్నవాడు కథ కోసం కొనలేదు, రామాయణం ఎలాగూ తెలిసిందే. ముప్పైకి పైబడిన పాటలూ పద్యాలూ ఒక్కచోట దొరుకుతాయని కొన్నాడు.

అసలు ఆశ్చర్యం కవుల దగ్గర ఉంది. 1950లో శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది. సరిగ్గా అదే ఏడాది ఆయన మాటలు, పాటలు రాసిన ‘ఆహుతి’ విడుదలైంది. హిందీ ‘నీరా ఔర్ నందా’కు అది తెలుగు డబ్బింగు, తెలుగులో తొలి డబ్బింగు చిత్రం. పరాయి పెదవుల కదలికకు తెలుగు మాట అతికించే పనికి యుగకవి కూర్చున్నాడు. ఒక పుస్తకం తరాల వాళ్లకు కంఠస్థమైంది. రెండోది, ‘ఆహుతి’ పాటల పుస్తకం, హాలు బయట చిల్లరకు అమ్ముడై, చాలావరకు బజ్జీల పొట్లంగా మారిపోయింది. మరుసటి ఏడాది ‘మల్లీశ్వరి’తో దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాయడం మొదలుపెట్టారు. ఈ కవుల సినిమా పాటలు సంపుటాలుగా రావడం చాలా తర్వాతి మాట. అంతవరకు ఆ కవిత్వానికి అచ్చులో ఉన్న ఇల్లు ఈ పల్చటి పుస్తకమే. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) పాటకు శ్రీశ్రీ జాతీయ పురస్కారం అందుకున్నారు. తెలుగు సినిమా పాటకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

పాటల పుస్తకం సాక్ష్యానికి హద్దు లేకపోలేదు. ‘దేవదాసు’ (1953) సంగతే చూడండి. రచయితగా పేరు సముద్రాల రాఘవాచార్యది. ఆ పాటలు మల్లాది రామకృష్ణశాస్త్రి కలం నుంచి వచ్చినవన్న వాదన సాహితీ లోకంలో ఏనాటి నుంచో ఉంది, ఇవాళ్టికీ చల్లారలేదు. పాటల పుస్తకం తెరిస్తే తేలిపోతుందా అంటే తేలదు. అందులో పడేది నిర్మాత వేయమన్న పేరు. ‘చిరంజీవులు’ (1956) లాంటి చిత్రాల్లో మల్లాది తన పేరుతోనే రాశారు కాబట్టి, రెండు పుస్తకాలూ పక్కన పెట్టుకుని మాటల పోకడ పోల్చి చూడవచ్చు. వాదన అక్కడి నుంచి మొదలైతే కనీసం నిజమైన పాఠం మీద నడుస్తుంది. వినికిడి మీద నడిచే వాదన కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

ఇంకో ఉపయోగం ఉంది. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. పెద్ద పాటైతే రెండు వైపులకూ పంచాలి, లేదా చరణం కోసేయాలి. కోసేసిన చరణం పాటల పుస్తకంలో ఉంటుంది. పుస్తకం విడుదలకు ముందే అచ్చుకు వెళ్లేది కనుక, నిడివి ఎక్కువైందని ఆఖరి నిమిషంలో తీసేసిన పాట కూడా అందులో మిగిలిపోతుంది. తెర మీద లేదు, రికార్డూ దొరకదు. అలాంటి పాట ఒకటుండేదనడానికి ఆ కాగితమే రుజువు. వేల గ్రామఫోన్ రికార్డులు సేకరించి, ‘ఆలాపన’ పేరుతో సినిమా పాట లోతులు రాసిన వి.ఎ.కె.రంగారావు లాంటివారి కృషి చూశాక, పాటకు చరిత్ర రాయాలంటే రికార్డు, సినిమా, పాటల పుస్తకం మూడూ చేతిలో ఉండాలని ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక చరిత్ర టూకీగా. సినిమా కంటే ముందే ఈ అంగడి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం ఊరూరా తిరుగుతున్న కాలానికే నాటకాల పాటలు, పద్యాలు జనం నోళ్లలో ఉన్నాయి. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, మద్రాసులో ఎన్.వి.గోపాల్ అండ్ కో వంటి ప్రచురణకర్తలు బుర్రకథలు, యక్షగానాలు, హరికథలు చవగ్గా అందించారు. సినిమా వచ్చి ఆ పక్కనే పట్టా పరిచింది. బుర్రకథ బాలనాగమ్మ కొన్న చేతికే 1942లో కాంచనమాల నటించిన జెమినీ వారి ‘బాలనాగమ్మ’ పాటలూ అందాయి. అదే ఏడాది ‘శాంత బాలనాగమ్మ’ కూడా రావడంతో ఒకే కథకు రెండు సినిమాలు పోటీ పడ్డాయి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు, సురభి కమలాబాయి లీలావతి. పాటలు రాసింది ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు. నాటకం కోసం ఆయన రాసిన ‘భలే మంచి చౌకబేరము’ 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ దాకా ప్రయాణించింది. అది విని మురిసిపోయినవారిలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

కాగితం విలువ తెలియాలంటే ఆ తొలి టాకీయే చాలు. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల తరబడి రాసుకున్నాం, ఉత్సవాలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, ప్రకటనలు, సెన్సార్ వివరాలు తవ్వి తీశారు. 1932 జనవరి 22న సెన్సారైందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో విడుదలైందనీ నిరూపించారు. సినిమా ప్రింటు మనకు మిగల్లేదు. తెలుగు సినిమా పుట్టినరోజును సరిదిద్దింది కాగితాలే.

పోస్టరు ఈశ్వరుడు

పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఈశ్వర్, బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967)తో పబ్లిసిటీ డిజైనర్ అయ్యారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు గోడల మీద తెలుగు సినిమా ముఖం ఆయన కుంచెదే. ఆయన రాసిన ‘సినిమా పోస్టర్’ నంది పురస్కారం పొందింది. 2021లో కన్నుమూశారు. అంటించిన పోస్టరు మీద వారానికో కొత్త పోస్టరు పడే వృత్తిలో, తన పని గురించి తానే పుస్తకం రాసిపెట్టడం ఎంత ముందుచూపో!

ఫలానా పాట వరుస

తిరునాళ్లలో పాటల పుస్తకం పక్కనే ఉండే భజన పుస్తకంలో ప్రతి పాట నెత్తిన ఒక సినిమా పాట పేరు ఉంటుంది. దాని వరుసలో పాడుకోవాలన్నమాట. ప్రేమ యుగళగీతం వరుసలో వేంకటేశ్వరుడి పాట, విషాద గీతం వరుసలో సీతమ్మ కష్టాలు. పెద్దలు ముఖం చిట్లించారు, భజన బృందాలు పట్టించుకోలేదు. సంగీతం గురువు దొరకని ఊరికి స్వరలిపి అంటే అదే. ఏ పాట ఎంతదూరం పాకిందో లెక్క తేల్చాలంటే ఇంతకంటే మంచి ఆధారం కనబడదు.

వెండితెర నవల

రెండు పేజీల కథ చాలని వాళ్లకు సినిమా మొత్తాన్నీ నవలగా రాసి అమ్మేవారు. ముళ్ళపూడి వెంకటరమణ ఈ పనిలోనూ చెయ్యి తిరిగినవారు. క్యాసెట్లు, టీవీ లేని రోజుల్లో చూసిన సినిమాను ఇంట్లో మళ్లీ ‘వేసుకోవడానికి’ దారి ఇదొక్కటే.

ఇప్పుడేం మిగిలింది?

క్యాసెట్లు వచ్చి పాటను ఇంటికి తెచ్చాయి, సాహిత్యాన్ని తేలేదు. క్యాసెట్ అట్ట మీద పాటల పేర్లతోనే సరి. ఆ కొరత వల్లే పాటల పుస్తకం కొన్నేళ్లు నిలదొక్కుకుంది. ఇంటర్నెట్ వచ్చాక దాని పని పూర్తయింది. ఇవాళ వెతికితే ఏ పాటైనా దొరుకుతుంది. అయితే ఒక తప్పు పాఠాన్ని పదిచోట్ల తిరగ రాసుకున్న రూపంలో దొరుకుతుంది. సరిచూసుకోవడానికి మళ్లీ ఆ పల్చటి కాగితం దగ్గరకే వెళ్లాలి.

1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలతో పాటు పోస్టర్లు, స్టిల్స్, పాటల పుస్తకాలనూ సేకరిస్తూ వచ్చింది. మెచ్చుకోవాల్సిన పని. అయినా పల్లెటూరి ప్రెస్సులో అనుమతి లేకుండా అచ్చయిన పుస్తకం తనంతట తాను పుణె చేరదు. అది మన అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున, తాతగారి భారతం పక్కన ఉంది.

మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. తుప్పు పట్టిన పిన్నులుంటే మెల్లగా తీసేయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. కొన్నేళ్లకు అవే కాగితాన్ని తినేస్తాయి. ఇంట్లో పెద్దలెవరైనా వాటిని కలిపి దారంతో కుట్టి ఉంటే విడదీయకండి, ఆ వరుస కూడా ఒక సమాచారమే. పుస్తకం మీద ఎవరైనా హాలు పేరో తేదీయో రాసి ఉంటే చెరపకండి. అట్ట నుంచి అట్ట దాకా ప్రతి పేజీ, ప్రకటనలతో సహా, వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ తర్వాత ఉంచుకునే వీలు లేకపోతే, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి పాత పుస్తకాల విలువ తెలిసిన గ్రంథాలయాలను అడిగి చూడండి. అమ్మమ్మ, తాతయ్య దగ్గర కూర్చుని ఏ సినిమా ఏ హాల్లో చూశారో అడిగి, విడి కాగితం మీద రాసి ఆ కట్టతోనే ఉంచండి. ఈ పని ఈ సెలవుల్లోనే చేయండి.