పలుగు పాటను చిత్రించిన పంతులు

1940వ సంవత్సరంలో దక్షిణాఫ్రికాలోని జొహెనెస్‌బర్గు నగర చిత్రశాలవారు ఒక చిత్రాన్ని కొన్నారు. దాని పేరు ‘పసుపుపచ్చని ఇండ్లు’. నల్లవారు నివసించే సోఫియాటౌను పేటలోని ఒక వీధి అందలి వస్తువు. ఆ దేశంలో ఒక నల్లజాతి చిత్రకారుని కృతి అటువంటి చిత్రశాలలోనికి చేరడం అదే ప్రథమం. చిత్రకారుడు జెరార్డ్ సెకోటోకు అప్పటికి ఇరువదియారేండ్లు. తన చిత్రం గోడమీద ఎట్లా అమరిందో కన్నులార చూసుకోవలెనని అతనికి కోరిక కలగడం సహజమే గదా! కాని ఆ భవనంలో నల్లవాడు చీపురు పట్టుకొని తిరగవచ్చునేగాని ప్రేక్షకుడుగా అడుగు పెట్టరాదు. సెకోటో ఊడ్చే పనివానిగా నటించి లోపలికి వెళ్ళి, తన చిత్రాన్ని చూసి వచ్చాడని అతని జీవితకథ చెప్పేవారందరూ చెబుతారు.

సెకోటో 1913 డిసెంబరు 9వ తేదీన, ట్రాన్సువాలు ప్రాంతంలో, మిడిల్‌బర్గు దగ్గరి బొట్షబెలో అనే జర్మను లూథరన్ మిషను గ్రామంలో జన్మించాడు. తండ్రి బోధకుడు, బడిపంతులు. కొడుకు కూడ ఆ వృత్తికే చదివాడు. పీటర్స్‌బర్గు వద్ద నున్న గ్రేస్ ద్యూ అనే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువు ముగించి, సమీపంలోని ఖైసో పాఠశాలలో నాలుగేండ్లు పాఠాలు చెప్పాడు. నల్లవానికి గౌరవమూ నెలజీతమూ రెండూ దొరికే ఉద్యోగాలు ఆనాడు అక్కడ వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని. పంతులు పని వాటిలో మేలైనది.

అయితే ఆ పాఠశాలలో సహవాసం చిత్రమైనది. అతని తోటి ఉపాధ్యాయుడొకడు ఎర్నెస్ట్ మాంకోబా. అప్పటికే కొయ్యశిల్పాలు చెక్కి పేరు తెచ్చుకొన్నవాడు. బడి విడిచిన తరువాత మిత్రులు చేరి కళను గురించీ, పారిసును గురించీ మాట్లాడుకునేవారు. వాన్ గో పేరు సెకోటో చెవిని పడింది మాంకోబా వలననే. ఎక్కడో మారుమూల ఊళ్ళో కూర్చొని చేసిన ఈ గోష్ఠిని చిన్నచూపు చూడరాదు. మాంకోబా 1938లో పారిసు చేరాడు. ఆ సంవత్సరమే సెకోటోకు ఫోర్ట్ హేర్ విద్యాసంస్థ నిర్వహించిన మే ఎస్తర్ బెడ్‌ఫర్డ్ చిత్రకళా పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. వెంటనే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జొహెనెస్‌బర్గుకు పోయి, సోఫియాటౌనులో బంధువుల యింట దిగాడు. ఇంటిలోనివారు ఏమన్నారో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కరలేదు.

మొదట్లో అతనికి నూనెరంగులు కొనే తాహతు లేదు. నీళ్ళలో కలిపే చవుక రంగులతో, గోధుమరంగు కాగితంమీద, అట్టముక్కలమీద చిత్రాలు వేశాడు. నూనెరంగుల వాడకం నేర్పినది జుడిత్ గ్లుక్‌మన్ అనే శ్వేతజాతి చిత్రకారిణి. 1942లో అతడు కేప్‌టౌను నగరంలోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటకు పోయి మూడేండ్లున్నాడు. 1945లో ప్రిటోరియా దగ్గరి ఈస్ట్‌వుడ్‌లో తల్లి యింటికి చేరాడు. ఈస్ట్‌వుడ్‌లో గడిపిన రెండేండ్లే అతని కళకు నిండు పున్నమి. దేశం విడిచి పోవలెనని అప్పటికే నిశ్చయించుకొన్నాడు. పోబోయేవాడు తన యింటిని చూసే చూపు వేరు. తల్లి ముఖం, వదిన ముఖం, వీధిలో నీళ్ళు మోసేవారు, అన్నీ ఆ చూపుతో చూసి వ్రాసినవే.

ఆ కాలపు చిత్రాలలో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి ‘తలుపు దగ్గర ఆరు పెన్నీలు’. ఆదివారంనాడు ఒక డేరాలో నాట్యం జరుగుతున్నది. ప్రవేశ రుసుము ఆరు పెన్నీలు. సెకోటో డేరా లోపలికి పోలేదు. ఆరు పెన్నీలు లేక వెలుపలనే నిలిచిపోయినవారిని చిత్రించాడు. చిత్రశాల ద్వారం వద్ద తనకు జరిగినది అతని మనసులో మెదలిందో లేదో గాని, చూసేవారికి అది జ్ఞాపకం రాకమానదు.

రెండవది ‘పలుగు పాట’. కూలీలు వరుసగా నిలిచి, పాట లయకు ఒక్కసారిగా పలుగులు ఎత్తారు. నోట పైపు పెట్టుకొని, పని చేయించే తెల్లవాడు ఒంటరిగా నిలుచున్నాడు. దీనికి ఆధారం ఒక ఛాయాచిత్రం. సెకోటో చేసిన మార్పు ఏమంటే, కూలీల దేహాలకు బలమిచ్చి, ఆ తెల్లవానిని బక్కవానిని చేశాడు. ఎత్తిన పలుగులు భూమిమీదనే పడతాయా అనే అనుమానం చూసేవానికి కలుగుతుంది. కోపపు మాట ఒక్కటీ లేదు. పాట మాత్రమే ఉన్నది. ఆ శతాబ్దంలో ఆఫ్రికానుండి వచ్చిన చిత్రాలలో దీనికి సాటి వచ్చేవి కొద్ది.

1947లో సెకోటో లండను మీదుగా పారిసు చేరాడు. మరుసటి ఏడే స్వదేశంలో జాతుల వేర్పాటును శాసనం చేసే ప్రభుత్వం వచ్చింది. పారిసులో ద్వారాలు తెరిచే ఉన్నాయి, చేతిలో డబ్బు లేదు. పగలు చిత్రాలు వేస్తూ, రాత్రులు ఒక మధుశాలలో పియానో వాయిస్తూ, పాటలు పాడుతూ బ్రతికాడు. 1949లో మతి చెదిరి సెయింట్ ఆన్ ఆసుపత్రిలో ఉండవలసివచ్చింది. కోలుకొన్నాడు. మార్తా అనే ఫ్రెంచి వనిత అతనికి దీర్ఘకాలం తోడైంది.

దేశం విడిచి అతడు కళను పోగొట్టుకొన్నాడని కొందరు విమర్శకుల మాట. అందులో కొంత నిజం లేకపోలేదు. పారిసు చిత్రాలలో అనేకం జ్ఞాపకంనుండి తీసినవి. ఈస్ట్‌వుడ్ వెలుగు వాటిలో పలుచబడింది. కాని ఉండిపోయి ఉంటే ఏమి మిగిలేది? సోఫియాటౌను ఇండ్లను 1955నుండి ప్రభుత్వం కూలద్రోసి, ఆ నేలకు ‘ట్రియోంఫ్’, అనగా విజయం, అని పేరు పెట్టింది. డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవారి పేటగా ప్రకటించి ప్రజలను తరిమివేశారు. ఈస్ట్‌వుడ్ కూడ పోయింది. అతడు కాపురమున్న మూడు పేటలూ నేలమట్టమైనవి. ఆ గోడల రంగు, సాయంకాలపు నీడ నేటివారు చూడదలిస్తే సెకోటో పటాల ముందు నిలబడాలి. అతని జ్ఞాపకాన్ని బలహీనమని తీసివేయడం తొందరపాటు.

1966లో సెనెగల్ దేశపు డకారు నగరంలో జరిగిన నీగ్రో కళల ప్రపంచోత్సవానికి పోయి అతడు సుమారొక ఏడాది అక్కడే ఉండిపోయాడు. పందొమ్మిదేండ్ల తరువాత ఆఫ్రికా ఎండ మళ్ళీ కంటబడింది. నిడుపాటి అంగీలు తొడిగిన అక్కడి స్త్రీలు అతని చిత్రాలలోకి నడిచివచ్చారు. రంగులు మళ్ళీ చిక్కబడ్డాయి. కాని అది స్వదేశం కాదు. 1977లో స్టీవ్ బీకో పోలీసు నిర్బంధంలో మరణించినప్పుడు, పారిసునుండియే అతనికి చిత్రరూపంలో నివాళి ఇచ్చాడు.

1989లో విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం అతనికి గౌరవ డాక్టరు పట్టం ఇచ్చింది. ఆ యేడే అతని జీవితకాలపు చిత్రాలన్నిటినీ కూర్చి ఒక పెద్ద ప్రదర్శన ఏర్పాటైంది. అది జరిగినది జొహెనెస్‌బర్గు చిత్రశాలలోనే, ఒకనాడు అతడు చీపురు పట్టుకొని ప్రవేశించినచోట. చూడడానికి అతడు రాలేదు. పారిసు పొలిమేరలో, నొజాన్ సుర్ మార్న్‌లోని వృద్ధ కళాకారుల నిలయంలో అతని చివరి యేండ్లు గడిచాయి. 1993 మార్చి 20న ఫ్రాన్సులోనే కన్నుమూశాడు. 1947లో ఓడ ఎక్కిన తరువాత అతడు దక్షిణాఫ్రికా నేలమీద మళ్ళీ కాలు పెట్టలేదు. అక్కడ జాతిభేదం లేకుండా పెద్దలందరికీ ఓటు దక్కిన మొదటి ఎన్నికలు 1994 ఏప్రిలులో జరిగాయి.