కొట్టంలో కారు ఎవరి పేరున?

యాభై ఏళ్లు దాటిన కారు ఒకటి ఫలానా ఊళ్లో మిగిలి ఉందని నమోదు చేయాలంటే మూడు సంగతులు తేలాలి. అది ఏ కారు, ఎవరి పేరున ఉంది, ఎలా ఉంది. మూడోది కంటికి కనబడుతుంది. మొదటి రెండూ కారు ఎదురుగా నిలబడి ఉన్నా ఒక పట్టాన తేలవు. సీ బుక్కులో ఉన్నాయన పోయి ఇరవై ఏళ్లవుతుంది. బానెట్ కింద ఉన్న ఇంజను బుక్కులో రాసిన ఇంజను కాదు. నంబరు ప్లేటు మూడోసారో నాలుగోసారో రాయించింది. అరుదైన కార్ల లెక్క తీయడమంటే ఈ ముడులన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వెనక్కి నడవడం.

అద్దంకిలాంటి చోట ఈ నడక మరికాస్త మెలికలు తిరుగుతుంది. ఊరు గుండ్లకమ్మ ఒడ్డున ఉన్నచోటే ఉంది గానీ పైన కార్యాలయాలు మారుతూ వచ్చాయి. 1952లో ఇక్కడి ఆసామి ఒకరు కారు కొన్నారనుకుంటే అప్పుడది మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. 1970లో ఈ ప్రాంతం కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలో చేరింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 ఏప్రిల్లో అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కారు ఇల్లు కదలకపోయినా దాని చరిత్ర గుంటూరులో మొదలై ఒంగోలు మీదుగా సాగుతుంది. 1989లో దేశమంతటా నంబర్ల పద్ధతి మారి గుంటూరు ఏపీ 07, ప్రకాశం ఏపీ 27 అయ్యాయి. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 కిందికి వచ్చింది. పాత కార్లకు మాత్రం మూడక్షరాల పాత నంబర్లే ఉండిపోయాయి. వెతికేవాళ్లకు అదొక వరం. నంబరు చూడగానే కారు ఏ కాలం నాటిదో సుమారుగా తెలిసిపోతుంది, అది అసలు నంబరే అయితే.

మిగిలినవి ఏవి?

స్వాతంత్ర్యానికి ముందు ఈ కోస్తా మైదానంలో తిరిగిన కార్లు ఓడలో వచ్చినవో, విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించినవో. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బిగింపు కర్మాగారం పెట్టింది. ఫోర్డు కూడా అలాంటిదే నడిపింది. భాగాలు ఇక్కడే తయారు చేయాలన్న ప్రభుత్వ విధానానికి ఒప్పుకోక 1954 ప్రాంతంలో రెండు కంపెనీలూ సర్దుకున్నాయి. కనుక కోస్తాలో ఎక్కడైనా పాత షెవర్లే, ఫోర్డు కనిపిస్తే సాధారణంగా అంతకు ముందు వచ్చినదే.

ఆ తర్వాత రంగం ముగ్గురిది. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్ 1950ల నడుమ కొద్దికాలమే వచ్చింది. దాని వెనకే వచ్చిన అంబాసిడర్ 2014 దాకా సాగింది. ఫియట్ 1100 పేర్లు మార్చుకుంటూ 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి పదేళ్లు వచ్చింది. అంబాసిడర్, పద్మిని అరుదైనవని ఎవరూ అనుకోరు, అదే వాటి దురదృష్టం. అరుదని తెలిసిన కారును దాచుకుంటారు. ఊరినిండా ఉన్న కారును మాత్రం తూకానికి వేస్తారు. 1962కు ముందు వచ్చిన మొదటి రకం అంబాసిడర్ ఇవాళ కొన్ని విదేశీ కార్లకంటే కష్టంగా దొరుకుతుంది.

అంబాసిడర్ వయసును ముందరి గ్రిల్లు చూసి చెప్పడం మెకానిక్ షెడ్లలో అలవాటు. దగ్గర దగ్గర గళ్లుంటే మార్క్ టూ, అడ్డపట్టీలుంటే మార్క్ త్రీ అని లెక్క. ఈ లెక్కను నమ్ముకుంటే మోసపోతారు. గ్రిల్లు పాతదైతే కొత్తది బిగించడం పూట పని. పాతవాటి మీద కొత్త గ్రిల్లు, కొత్తవాటి మీద ముచ్చటపడి పెట్టించిన పాత గ్రిల్లు రెండూ కనబడతాయి.

ఇనుము మీది అంకెలు

నమ్మదగింది ఛాసీ నంబరు. దాన్ని చదివే పద్ధతి పెన్సిల్ ప్రింటు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి బండి తీసుకెళ్లిన ప్రతివారికీ తెలిసినదే. ముందు కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడవాలి. దశాబ్దాల గ్రీజు, రేగడి దుమ్ము కలిసి రాయిలా బిగిసిన చోట చెక్క పుల్లతో గీరాలి. ఉప్పుకాగితం వేస్తే అంకెల అంచులు అరిగిపోతాయి. ఆపైన పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దితే కాగితమంతా నల్లబడుతుంది, లోతుగా దిగిన అంకెలు తెల్లగా పైకి తేలతాయి. అంకెల మధ్య ఎడం, లోతు, వాలు అన్నీ అందులో పడతాయి. ఒక అంకె మిగతావాటికంటే నిటారుగా ఉన్నా, చుట్టూ గ్రైండరు గీతలున్నా అనుమానించాలి. అయితే ఆ కాలంలో కర్మాగారాల్లోనూ అచ్చు పెట్టి సుత్తితో కొట్టిన నంబర్లు ఉండేవి. వంకర ఒక్కటే దొంగతనానికి సాక్ష్యం కాదు.

ఈ ప్రింటును సీ బుక్కులోని నంబరుతో పోల్చడం తర్వాతి పని. తేడా వచ్చిన ప్రతిసారీ మోసమనుకోకూడదు. చేత్తో రాసిన రిజిస్టర్లలో ఇంగ్లిషు ఓ అక్షరం సున్నా అవుతుంది, ఐ అక్షరం ఒకటి అవుతుంది, మూడు ఎనిమిదవుతుంది. ఒక గుమాస్తా చేసిన పొరపాటును తర్వాతి గుమాస్తాలు భక్తిగా ఎక్కించుకుంటూ పోతారు.

ఇంజను నంబరు దగ్గర కథ వేరు. పెట్రోలు తాగే పాత అంబాసిడర్లో డీజిల్ ఇంజను దించడం ఒకప్పుడు సర్వసాధారణం. ఇంజను బోరుకొచ్చింది, సామాను దొరకదు, డీజిల్ చవక. ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. చట్టప్రకారం అలాంటి మార్పును అనుమతి తీసుకుని బుక్కులో ఎక్కించాలి. ఎక్కించకుండా తిప్పుకున్నవాళ్లే ఎక్కువ.

కాగితం మీది పేర్లు

మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం కారు అమ్మినాయన రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో రవాణాశాఖకు తెలపాలి. కొన్నాయన 30 రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. యజమాని పోతే వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. జరిగేది వేరు. అమ్మినాయన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇస్తాడు. కొన్నాయన ఆ ఫారాలతోనే ఇంకొకరికి అమ్ముతాడు. దీన్ని ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కారు నలుగురి చేతులు మారినా బుక్కులో మొదటి పేరే ఉంటుంది. మధ్యలోని ముగ్గురూ చరిత్రలో లేనట్టే.

దీని చిక్కు పాత కార్ల ప్రేమికులకు మాత్రమే కాదు. పేరు మారని కారు ప్రమాదం చేస్తే చట్టం దృష్టిలో యజమాని బుక్కులో ఉన్న మనిషేనని, పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. నలభై ఏళ్ల కిందట అమ్మేసి మరచిపోయిన కారు ఇంటికి నోటీసు తెచ్చిపెట్టగలదు.

ఇదే అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 నాటిది. ఎవరు ఏ నేలను దానమిచ్చారో ఆ రాతి మీద నేటికీ చదువుకోవచ్చు. పన్నెండు శతాబ్దాల కిందటి నేల ఎవరిదో చెప్పగలిగిన ఊళ్లో, నలభై ఏళ్ల కిందటి ఫియట్ ఎవరిదో చెప్పలేకపోవడం విడ్డూరమే.

యజమానుల గొలుసు తెగని కార్లు తెలుగునాట లేకపోలేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. పైభాగం లండన్‌లోని బార్కర్ కంపెనీ పని, వెనక సింహాసనంలాంటి ఆసనం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో ఆర్డరు వెళ్లింది. 1911లో ఆయన పోవడంతో కారు తర్వాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. ఒకే కుటుంబం, ఒకే నగరం. పైగా రోల్స్ రాయిస్ కంపెనీ ఒక్కో ఛాసీకి ఒక్కో కార్డు రాసి పెట్టింది. ఆ కార్డులు ఇంగ్లండులోని ఔత్సాహికుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి. అందుకే 7,874 సిల్వర్ ఘోస్టుల్లో ఏది ఎక్కడుందో వెతకడం సాధ్యమవుతోంది.

రెండోది ప్రజలందరూ చూసింది. 1982లో ఎన్టీ రామారావు ప్రచారానికి మార్పించుకున్న పాత షెవర్లే వ్యాను, చైతన్య రథం. నందమూరి హరికృష్ణ నడిపారు. దాని ఏబీఆర్ 7776 నంబరు చాలామందికి కంఠతా వచ్చు. ఆ వ్యాను పైభాగం పూర్తిగా మారిపోయింది. అయినా దాని గుర్తింపు పోలేదు, పైగా ఆ మార్పుతోనే అది చారిత్రక వాహనమైంది. అసలు రూపం చెడితే విలువ పోతుందనే సూత్రం అన్నిటికీ వర్తించదు.

నిబంధన చెప్పేది

2021 జులైలో కేంద్ర రవాణాశాఖ పాతకాలపు (వింటేజ్) వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లు, ద్విచక్ర వాహనాలకు రాష్ట్ర సంకేతం తర్వాత వీఏ అక్షరాలతో నంబరిస్తారు. కొత్తగా నమోదుకు 20 వేల రూపాయలు, పునర్నమోదుకు 5 వేలు, గడువు పదేళ్లు. ఇలాంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీయవచ్చు గానీ రోజూ తిప్పుకోవడానికి, కిరాయికి వీల్లేదు. ఇదివరకే నమోదైన కారుకు పాత సీ బుక్కు చూపాలి.

ఇందులో ఒక షరతు ఈ ప్రాంతానికి సూటిగా తగులుతుంది. ఛాసీ, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. పల్లెల్లో పాత అంబాసిడర్లు ఇంతకాలం బతికాయంటే డీజిల్ ఇంజను దించబట్టే. పేరు మార్చే ఖర్చు తప్పించుకోబట్టే వాటిని చిన్న రైతులు, కిరాయి డ్రైవర్లు కొనగలిగారు. కారును నిలబెట్టిన ఆ రెండు పనులే ఇప్పుడు దాన్ని వింటేజ్ పట్టికలోకి రానివ్వవు. నిబంధనను తప్పుపట్టనక్కర్లేదు, అసలు రూపాన్ని కాపాడడం దాని ఉద్దేశం. కానీ మిగిలిన కార్ల లెక్కను ఆ పట్టికతో సరిపెడితే పల్లెల్లోని కార్లలో పెద్ద భాగం కనబడకుండా పోతుంది.

బ్రిటన్ ఈ ఇబ్బంది ముందే చూసింది. చేతిరాత రిజిస్టర్లను కంప్యూటరుకు మార్చినప్పుడు 1983 నవంబరులోగా ఎక్కించుకోని వాహనాల పాత నంబర్లు చెల్లకుండా పోయాయి. కొట్టాల్లో నిద్రపోతున్న వేల కార్లు రాత్రికి రాత్రి పేరులేనివయ్యాయి. తర్వాత పాత లాగ్‌బుక్కో మరో ఆధారమో చూపించి, గుర్తింపు పొందిన క్లబ్బు ధ్రువీకరిస్తే అసలు నంబరు తిరిగిచ్చే ఏర్పాటు చేశారు. ఇక్కడా పాత రిజిస్టర్లు రవాణాశాఖ కంప్యూటరు పట్టిక వాహన్‌లోకి ఎక్కాక, ఎక్కని బళ్ల యజమానులు బీమా రసీదు, పన్ను చలానా, పెళ్లి ఊరేగింపు ఫొటోలాంటివి జాగ్రత్త చేసుకుంటే పనికొస్తాయి.

రేగడి నేల మీద

ఇక స్థితి. అద్దంకి చుట్టుపక్కల నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, తేమను నెలల తరబడి పట్టుకుంటుంది. మట్టినేల కొట్టంలో నిలిపిన కారు టైర్లలో గాలి దిగి, చక్రాలు కూరుకుని, అడుగు నేలకు దగ్గరవుతుంది. అంబాసిడర్, ఫియట్‌లకు విడిగా ఛాసీ ఉండదు, అడుగు రేకే ఎముక. అది తుప్పుపడితే పైన రంగు ఎంత మెరిసినా లాభం లేదు. చూడాల్సింది కాళ్ల దగ్గరి చాప కింద, డోర్ల అడుగున, డిక్కీలో స్టెప్నీ కింద. స్క్రూడ్రైవరు పిడితో తట్టితే మంచి రేకు ఖణీమంటుంది, పుచ్చిన రేకు డొల్లగా పలుకుతుంది. టింకరింగులో పుట్టీ మెత్తిన చోట అయస్కాంతం అంటుకోదు. హెరాల్డ్‌కు మాత్రం విడిగా ఛాసీ ఉంది, పై రేకులు బోల్టులతో బిగించినవి. విప్పి బాగుచేయడం తేలిక, విప్పి అమ్ముకోవడమూ అంతే తేలిక. పక్కన పశువులు కట్టేస్తే పేడ తేమ, వరిగడ్డి పేరిస్తే ఎలుకలు తోడవుతాయి. ఎలుకలు ముందు వైర్ల మీద పడతాయి, తర్వాత సీట్లలో గూళ్లు పెడతాయి.

మిగిలిన కార్ల రిజిస్టరు రాసేవాళ్లు స్థితిని నాలుగు మాటల్లో చెప్పడం మేలు. నడుస్తున్నది, నెడితే కదిలేది, కదలనిది, భాగాలుగా మిగిలినది. బాగుంది, ఫర్వాలేదు అనే మాటలు యజమాని మనసును చెబుతాయి తప్ప కారును చెప్పవు. ఒక్కో కారుకు పెన్సిల్ ప్రింటు, పాత నంబరు, బుక్కులోని పేరు, చేతిలో ఉన్నవారి పేరు విడివిడిగా ఉండాలి. మారిన ఇంజను మారిందని రాయాలి. చివరగా చూసిన తేదీ తప్పనిసరి. ఆ తేదీ లేని వివరం పదేళ్లకు పుకారుతో సమానం. యజమానుల చిరునామాలు మాత్రం బయటపెట్టకూడదు. పాత కారు ఎక్కడుందో తెలిస్తే దొంగకన్నా ముందు దళారి తలుపు తడతాడు.

కారు తుక్కుకు పోయినప్పుడు కూడా ఒక పద్ధతుంది. 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో తెలిపి సీ బుక్కు అప్పగించి నంబరు రద్దు చేయించుకోవాలి. అలా చేయకుండా పాత ఇనుప కొట్టులో పడేస్తే కారు పోయి కాగితం బతుకుతుంది. ఆ కాగితం, కత్తిరించి తీసిన ఛాసీ నంబరు ముక్క కలిపి ఎవరికైనా అమ్మితే, ఆరు నెలలకు అదే నంబరుతో ఇంకో కారు రోడ్డెక్కగలదు. అందుకే లెక్కలోంచి ఒక కారును కొట్టేసేటప్పుడు తూకం వేసిన తేదీ, ఆ నంబరు ముక్క ఏమైందన్నదీ ఆ వరసలోనే రాసి ఉంచాలి.