నాగార్జునకొండ దీవి ఎలా అయింది?

నాగార్జునసాగర్ మధ్యలో పచ్చగా తేలినట్టుండే నాగార్జునకొండను చూస్తే ప్రకృతి చేసిన దీవే అనిపిస్తుంది. నిజానికి అది కృష్ణ కుడి గట్టున, నల్లమల కొండలు చుట్టుముట్టిన లోయలో నిలబడిన ఒక కొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట వెనక నీరు నిండాక లోయ మునిగి, కొండ నెత్తి మాత్రం మిగిలింది.  అలా సాగర్ కింద మునిగింది క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఆ నగరం గురించి ఇవాళ మనకు ఇంత తెలియడానికి కూడా చాలావరకు ఆ ముంపే కారణం.

ఇక్కడి శిథిలాలు 1926లోనే వెలుగులోకి వచ్చాయి. 1927-31లో పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ కొన్ని స్తూపాలు, విహారాలు తవ్వించాడు. లోయ మొత్తాన్ని గాలించింది మాత్రం నీళ్లొచ్చే గడువు తరుముకొస్తుంటే, 1954-60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో. పాతరాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగం దాకా మనుషుల జాడలు దొరికాయి. సుమారు 32 మీటర్ల వ్యాసమున్న మహాచైత్యమనే స్తూపాన్నే తీసుకోండి. దాని అడుగున ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల్లా నడిమి నుంచి అంచుకు సాగుతాయి. వాటి మధ్య అరల్ని మట్టితో నింపారు. దీనివల్ల ఇటుక ఆదా అయింది. బరువు కూడా ఒకేచోట పడకుండా అంతటా సర్దుకుంది.

మునిగే కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి, జలాశయం ఒడ్డునున్న అనుపుకు తరలించి మళ్లీ కట్టారు. అలా కట్టినవి అసలు కట్టడాలెలా అవుతాయని కొందరి ఆక్షేపణ. అందులో న్యాయం ఉంది. కట్టడం కింది మట్టి పొరలు, నదితో దానికున్న సంబంధం తరలిరావు. కానీ కొలతలు, నిర్మాణ పద్ధతి, శాసనాలు మిగిలాయి. ఈజిప్టులో 1964-68 మధ్య ముక్కలుగా కోసి ఎత్తుకు చేర్చిన అబూ సింబెల్ ఆలయాలకూ ఇదే వర్తిస్తుంది. ఆనకట్టే మేలు చేసిందన్న వాదన మాత్రం సగమే నిజం. మట్టిలోని పుప్పొడిని, ఎముకల్లోని డీఎన్‌ఏను చదివే నేటి పద్ధతులతో ఆ లోయను మళ్లీ తవ్వాలంటే ఇప్పుడు అక్కడ నీళ్లున్నాయి.

కాబట్టి కొత్త జలాశయం తలపెట్టినప్పుడు తవ్వకాలతో పాటు రేపటి పరిశోధకుల కోసం మట్టి నమూనాలనూ భద్రపరచాలి. దీవికి వెళ్లేవారు ముందుగా మ్యూజియంలోని మునిగిన లోయ నమూనా చూడండి. ఆ తర్వాత కట్టడాల దగ్గరికి వెళితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.