అంబాసిడరా, ఫియటా?

ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డుగా పుట్టి వంగదేశమందలి ఉత్తరపాడలో 2014 వఱకును తయారైన అంబాసిడరును, ఇటలీ దేశపు ఫియట్ 1100కు ప్రతిరూపమై బొంబాయి కుర్లాలో రూపొందినను మనవారి నోట ఫియట్‌గానే మిగిలిపోయిన ప్రీమియర్ పద్మినిని ప్రక్కప్రక్కన నిలిపి, ఏది కొనదగినదని ప్రాతబండ్ల ప్రియులు వాదులాడుకొనుట నేటికిని మానలేదు. వారిలో పెక్కుమంది అంబాసిడరు వెనుక సీటున కూర్చున్నవారు, తక్కినవారు పద్మినిని స్వయముగా నడపినవారు. తగవంతయు అచ్చటనే పుట్టుచున్నది.

ప్రాత అంబాసిడరు ఇంజను 1489 సి.సి., పద్మినిది 1089. కాని మొదటిది టన్నుకు మించిన బరువును, రెండవది రమారమి 900 కిలోల బరువును ఈడ్చవలసి యుండుటచేత, బరువునుబట్టి చూచినచో రెండింటి సత్తువయు ఇంచుమించు సమానమే. తేడా యంతయు నడకలోనిది. పద్మిని చుఱుకుగా పరుగందుకొనును, బజారు సందులలో చెప్పినట్లు వినును. గేరుకడ్డీ స్టీరింగు క్రిందనే యున్నను, బుషులు అరగనంతవఱకు దానిని వ్రేళ్ళతోనే జరుపవచ్చును. అంబాసిడరును మలుపుటకు భుజబలము కావలెను. అయినను ఐదుగురెక్కి, డిక్కీ నిండ సామానుతో గోతులబాటను పోవునపుడు ఆ బరువును, చక్రముల నడుమ నిడివియు కలిసి కలిగించు స్థిమితము పద్మినికి లేదు. ఘాటురోడ్డున అంతటి భారముతో అది రెండవ గేరునకు దిగి మూలుగుచుండ, నడపువానికే జాలి కలుగును. దిగునపుడు మాత్రము రెండును సమానమే, ఎందుకనగా ప్రాతనమూనాలలో నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. అవి వేడెక్కిన పిదప పెడలును ఎంత త్రొక్కినను పట్టు తగ్గును గనుక, చిన్న గేరులో దిగుటయే క్షేమము.

1990వ దశకమున వచ్చిన 1817 సి.సి. ఇసుజు ఇంజను, ఐదు గేర్ల అంబాసిడరు ఈ తులనను మార్చివేసినది: దానితో పరుగున పద్మిని పోటీపడజాలదు.

కనుక పట్టణములో తానే నడుపుకొనదలచినవాడు పద్మినిని, కుటుంబముతో దూరము పోవువాడు ఇసుజు అంబాసిడరును కొనుట మేలని నా అభిప్రాయము. ఏది కొన్నను, ఇంజను చల్లగానున్నపుడే స్టార్టు చేయించి, నీలిపొగ వచ్చుచున్నదేమో చూడుడు. అడుగురేకు తుప్పును మ్యాట్లు తొలగించి పరికింపుడు. 15 ఏండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషనును 5 ఏండ్లకొకసారి పునరుద్ధరింపవలెను గనుక, బయానా ఇచ్చుటకు ముందే ఆర్.సి. గడువును చదువుకొనుడు.