థర్మామీటరు లేని జబ్బుకు సాక్ష్యం ఏది?

ఒళ్ళు వెచ్చగా ఉంటే థర్మామీటరు పెడతాం, అంకె చూస్తే జ్వరమో కాదో తెలిసిపోతుంది. మనిషి పాలిపోయి ఉంటే కొద్దిగా రక్తం తీసి హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదీ చెప్పేస్తారు. మరి ఒక మనిషి మనస్సు చేసే పనిమీద నిలవడం లేదనుకోండి. దాన్ని ఏ గొట్టంలో పోసి చూడాలి?

ఈ ప్రశ్న నాకు తరగతి గదిలో ఎదురుకాలేదు, మా ఇంటి అరుగుమీద ఎదురైంది. 2002లో నా దగ్గర ఆరవ తరగతి చదివిన కుర్రవాడొకడు ఒక సాయంత్రం వచ్చి, "మాస్టారూ, మీరు నాకొక కాగితం రాసివ్వాలి" అన్నాడు. ఇప్పుడతనికి 34 ఏళ్ళు. మోటార్లకు వైండింగు చేసే షాపు నడుపుతున్నాడు. ఎడమచేతికి కట్టు ఉంది. నెల కిందట మెయిను ఆపాననుకొని, ఆపకుండానే తీగ పట్టుకున్నాడట. కరెంటు విసిరి పారేసింది. చెయ్యి కాలింది గాని ప్రాణం దక్కింది.

కట్టు కట్టిన డాక్టరుగారు సంగతంతా అడిగారు. ఒక మోటారు విప్పి, అది సగంలో ఉండగానే ఇంకొకటి విప్పడం, తాళంచెవులు పారేసుకోవడం, కరెంటు బిల్లు గడువు దాటిపోవడం, ఎదుటివాడి మాట పూర్తి కాకముందే అందుకోవడం. ఇదంతా విని, "ఇది పెద్దవాళ్ళలో కూడా ఉండే ఏ.డి.హెచ్.డి. కావచ్చు, ఒకసారి మానసిక వైద్యునికి చూపించు" అన్నారట. ఏకాగ్రత లోపం, అతి చలనం, ఆలోచించేలోపే పని చేసేయడం: ఈ మూడింటిలో ఒకటో రెండో, అన్నీనో కలిసిన స్థితికి ఆ పేరు.

ఇంట్లో ముసలితల్లి గొల్లుమంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? మావాడికేం పిచ్చి!" అని. నిద్రపట్టనివాళ్ళూ, దిగులుతో తిండి సహించనివాళ్ళూ, తాగుడు మానలేనివాళ్ళూ కూడా మానసిక వైద్యుని దగ్గరకే వెళతారని నేను ఆమెకు నచ్చజెప్పవలసివచ్చింది. పైగా 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుని బాధ్యత.

ఇక అసలు సంగతికి వద్దాం. నుదుటి వెనుక ఉండే మెదడు ముందుభాగం ఏ పని ముందు, ఏది తరువాత, ఏది ఆపాలి అనే పెత్తనం చేస్తూ ఉంటుంది. నాడీకణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాల పనితీరులో తేడా వల్ల ఆ పెత్తనం కొందరిలో సరిగా సాగదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వంశపారంపర్యం పాత్ర ఇందులో చాలా ఎక్కువ. ఏకాగ్రత బొత్తిగా లేకపోవడం కాదిది. దాన్ని కావలసినచోట నిలపలేకపోవడం. మన కుర్రవాడే, కాలిపోయిన పాత మోటారు చేతికి చిక్కిందంటే రాత్రి పన్నెండు దాటినా అన్నానికి లేవడు. అది చూసి అందరూ "పని దొంగ, మనసుంటే చెయ్యగలడు" అనేవారు.

అయితే మెదడును ఫోటో తీసి చెప్పెయ్యకూడదా అని మీరడగవచ్చు. మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లల సగటు ఎత్తుకన్నా పదవ తరగతివాళ్ళ సగటు ఎత్తు కాస్త ఎక్కువే ఉంటుంది గదా! కాని దారిన పోయే ఒక పిల్లవాడి ఎత్తు మాత్రం చెప్పి, వాడే తరగతో చెప్పమంటే చెప్పగలమా? మెదడు చిత్రాల సంగతీ అంతే. వందలమందిని కలిపి చూస్తే తేడా కనిపిస్తుంది గాని, ఒక్క మనిషిని చూసి తేల్చడానికి అది చాలదు. రక్తపరీక్ష కూడా లేదు. కాబట్టి సాక్ష్యమంతా ఆ మనిషి గడిపిన జీవితంలోనే వెతకాలి.

ఎంత వెనక్కి వెతకాలి? 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం సవరించిన నియమాల ప్రకారం లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. అంతకుముందు, 1994 నియమాల్లో, ఆ హద్దు 7 ఏళ్ళే. ఇల్లు, పని వంటి రెండుచోట్లయినా ఇబ్బంది ఉండాలి. ఏకాగ్రతకు తొమ్మిది, అతి చలనానికి, తొందరపాటుకు కలిపి తొమ్మిది లక్షణాలు చెబుతారు. పెద్దవాళ్ళలో ఏదో ఒక జాబితాలో కనీసం 5, పిల్లల్లో 6, ఆరు నెలలుగా ఉండాలి. బాల్యం ఎందుకంటారా? ముప్ఫై ఏళ్ళు బాగా ఉండి హఠాత్తుగా మతి చెదిరితే దానికి కారణం థైరాయిడ్ కావచ్చు, నిద్రలేమి కావచ్చు, దిగులో అప్పులో కావచ్చు. ఏ.డి.హెచ్.డి. అలా నడిమధ్యలో మొదలయ్యేది కాదు.

లండనులో జార్జి స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లోనే ఇటువంటి 43 మంది పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. కాని పెద్దయితే ఇది దానంతటదే పోతుందని చాలాకాలం నమ్మారు. కొందరిలో తగ్గుతుంది, చాలామందిలో పూర్తిగా పోదు.

మన కుర్రవాడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. పైన పెద్ద అక్షరాలతో "నాకు ఏ.డి.హెచ్.డి. ఉంది" అని రాసుకున్నాడు; ఫోనులో ఏవో వీడియోలు చూశాడట. నాకు మా ప్రయోగశాల రికార్డులు గుర్తుకొచ్చాయి. మీలోనూ కొందరు ప్రయోగం చెయ్యకముందే పక్కవాడి పుస్తకం చూసి 'ఫలితం' నింపేస్తారు, అవునా? ఆ వాక్యం కొట్టేయించి, పరిశీలనలు మాత్రమే రాయమన్నాను. "మతిమరుపు ఎక్కువ" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. "ఈ నెలలో మూడుసార్లు తాళంచెవి షాపులోనే వదిలేశాను, రెండుసార్లు మనిషి డబ్బిచ్చి పోయాక చిట్టాలో రాయలేదు" అంటే తెలుస్తుంది. బాగా చేయగలిగిన పనులూ రాయమన్నాను. అవీ సాక్ష్యమే.

మరో చిక్కు చూడండి. మరచిపోవడమే బాధ అయినవాడు డాక్టరు ఎదుట కూర్చొని అన్నీ గుర్తుతెచ్చుకొని చెప్పగలడా? అందుకే ముందుగా రాసి పెట్టుకోవాలి. రాసిన కాగితాన్ని రెండో రోజే పోగొట్టాడు! చివరికి ఒక నోటుపుస్తకాన్ని పురికొసతో షాపు గోడమేకుకు కట్టించాం. ఎన్ని గంటలకు పడుకున్నదీ లేచిందీ, రోజుకెన్ని టీలు, పొగాకు, మందు అలవాట్లు, వాడే మాత్రలు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అన్నదీ దాంట్లోకి ఎక్కాయి. గుండె సంగతి ఎందుకంటే, దీనికి వాడే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు నాడి వేగాన్నీ రక్తపోటునూ పెంచగలవు. అవి చట్టం కట్టుదిట్టం చేసిన మందులు. స్నేహితుడి మాత్ర ఒకటి వేసుకొని చూద్దామనుకోవడం అపాయం.

బాల్యపు సాక్ష్యం తల్లి ట్రంకుపెట్టెలో దొరికింది. ఆరవ తరగతి ప్రోగ్రెస్ కార్డు. "తెలివి ఉన్నది. శ్రద్ధ లేదు. ఎప్పుడూ కిటికీవైపే చూపు." కింద సంతకం నాదే. ఆ కిటికీ చూపుకు నేనా పిల్లవాణ్ణి ఎన్నిసార్లు బెంచీ ఎక్కించానో నాకు లెక్క లేదు గాని అతనికి ఉంది. శిక్షిస్తున్నాననుకొని రాసిన ముక్క ఇప్పుడు అతనికి పనికివచ్చింది. నేనూ కాగితం రాసిచ్చాను, అందులో బెంచీ సంగతి కూడా దాచకుండా.

ఇది చదివి మీ తమ్ముడికో, మీకో ఈ పేరు తగిలించకండి. పెన్ను మరచిపోవడం అందరికీ ఉన్నదే. కాని చదువూ ఇల్లూ రెండూ తలకిందులవుతుంటే మాత్రం ఇంట్లోనో, టీచరుకో చెప్పండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మొదటి రోజున డాక్టరుగారు ఏ పేరూ పెట్టలేదట. తల్లిని కూడా కూర్చోబెట్టి చాలాసేపు అడిగారు. పోపు పొయ్యిమీద పెట్టి కరివేపాకు తెమ్మని పంపితే గంటకు గాలిపటంతో తిరిగివచ్చేవాడని ఆవిడ చెప్పిందట. థైరాయిడ్‌కు, హిమోగ్లోబిన్‌కు రక్తపరీక్షలు రాశారు. మరో రెండు వారాలు నిద్ర లెక్క రాయమన్నారు. కార్డు చూసి, "ఈ కిటికీ చూపు సైన్సు క్లాసులోనేనా, అన్నింట్లోనా?" అని అడిగారట.

నాకూ తెలియదు. రిటైరైన లెక్కల మాస్టారికి ఫోను చేశాను. "వాడా? ఇంటిలెక్క ఒక్కనాడైనా చేసుకొచ్చాడా! కాని నోటిలెక్క అడిగితే అందరికన్నా ముందు వాడే లేచేవాడు, ప్రశ్న పూర్తి కాకుండానే" అన్నారాయన. ఆ మాటలు ఉన్నవున్నట్లు రాసి, తేదీ వేసి, నోటుపుస్తకంలో పెట్టమని పంపాను.